చైర్మన్ గారి ఫోటో కింద రేపటి టైమింగు

మా వీధి చివర స్కూల్లో పనిచేసే ఇద్దరు కుర్ర టీచర్లు పోయిన నెల మా ఇంటికొచ్చారు. వాళ్ల స్కూలుకి కొత్తగా వెబ్‌సైట్ చేస్తున్నారట. మీరెప్పుడో గల్ఫ్‌లో ఈ పని చేశారట కదా మేడం, అందులో మొదట ఏం పెట్టాలో చెప్పండి అని అడిగారు. కాఫీ ఇచ్చి, మొదట ఏం పెట్టకూడదో చెబుతాను కూర్చోండి అన్నాను. ఇద్దరూ కడుపుబ్బ నవ్వి, థాంక్స్ చెప్పి వెళ్లారు. వారం తర్వాత వాళ్ల వెబ్‌సైట్ తెరిచి చూద్దును కదా, మొట్టమొదట కరస్పాండెంట్ గారి నిలువెత్తు ఫోటో. అందుకని ఆ రోజు వాళ్లకు చెప్పిందంతా ఇక్కడ రాస్తున్నాను, మీలో ఒక్కరికైనా పనికొస్తుందేమో.

ఎనభైల చివర్లో మా ఆయనకు ఒమాన్లో సలాలా పోర్టులో ఉద్యోగం వచ్చింది. నేను అక్కడి ఇండియన్ స్కూల్లో లెక్కల టీచరుగా చేరాను. హైదరాబాదులో ఎప్పుడో సరదాకి ఆరు నెలల కంప్యూటర్ కోర్సు చేశానని దరఖాస్తులో రాసిన పాపానికి, స్కూలుకి కంప్యూటర్లు వచ్చిన రోజున వాటిని నాకు అంటగట్టారు. లెక్కలు నా సబ్జెక్టు, కంప్యూటర్లు నా తలనొప్పి. అయినా అవంటే నాకు ఇష్టం కలిగింది. లెక్కల పీరియడ్లో గడియారం చూసే పిల్లలు ల్యాబ్‌లో బెల్లు కొట్టినా లేచేవారు కాదు.

మా ప్రిన్సిపాల్ మలయాళీ, పెద్దమనిషి. ఆయనకు దేవుడంటే ఎంత భక్తో మేనేజింగ్ కమిటీ అన్నా అంతే. కమిటీ చైర్మన్ గుజరాతీ వ్యాపారి. వాళ్ల తాతగారు పడవలో వచ్చి సలాలా బజారులో కొట్టు పెట్టారట, ఈయన చేతికొచ్చేసరికి అది బట్టలు, ఫ్యాన్లు, కుక్కర్లు అన్నీ దొరికే రెండంతస్తుల షాపయింది. మంచివాడే. స్కూలుకి ఏం కావాలన్నా ముందు తన జేబులోంచి తీసేవాడు. కాకపోతే తీసిన సంగతి నలుగురికీ తెలియాలి.

ఇక ఆఫీసు పనంతా ఒంటిచేత్తో నడిపే మనిషి ఒకాయన ఉండేవాడు. కడప ఆయనది. ఇంట్లో దక్కనీ ఉర్దూ, నాతో కడప తెలుగు, ప్రిన్సిపాల్‌తో ఇంగ్లీషు, బయట ఒమానీలతో అరబ్బీ, ఏ భాషైనా మొహమాటం లేకుండా మాట్లాడేవాడు. అందరం భాయ్ అనేవాళ్లం. స్కూలు మొత్తానికి బయటివాళ్లు చేయదగ్గ ఫోను ఒక్కటే, అది ఆయన బల్ల మీద ఉండేది.

భాయ్‌కి ఇద్దరు కూతుళ్లు. పెద్దమ్మాయి మా స్కూల్లోనే ప్లస్ టూ చదివింది, బాగా చదివేది. ఇండియాలో ఫార్మసీ చదవాలని ఆశపడింది. అయితే మన పేపర్లు సలాలాకి ఎప్పుడో వారం వారానికి వచ్చేవి. ఎంట్రన్స్ ప్రకటన ఉన్న పేపరు చేతికి అందేసరికి గడువు దాటిపోయింది. ఆ పిల్ల ఇంట్లో కూర్చుని టైపు నేర్చుకుంటోంది. మరుసటేడు రెండో అమ్మాయి ప్లస్ టూలోకి వచ్చింది. ఒకరోజు భాయ్ టీ కప్పు పట్టుకుని నా ల్యాబ్‌కి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"పెద్దదాని ఇసయం అయిపోయింది మేడమ్. చిన్నదానికన్నా ఆ ప్రకటన టయానికి దొరికేట్టు చూడండి. నాకింకేం వద్దు" అన్నాడు.

అప్పటికి ఒమాన్లో ఇంటర్నెట్ వచ్చి ఎంతో కాలం కాలేదు. ల్యాబ్‌కి వేరే ఫోన్ కనెక్షన్ తీసుకుని దానికి ఇంటర్నెట్ పెట్టించుకుంటే, యూనివర్సిటీల ప్రకటనలు పేపరు కంటే ముందే చూడొచ్చని నాకు తెలుసు. కమిటీని అడిగాను. ఊరికే పిల్లలు ఆడుకోవడానికి అంత ఖర్చా అన్నారు. నాకు కోపం త్వరగా వస్తుంది, కానీ దాన్ని ఎక్కడ దాచుకోవాలో కూడా వయసుతో పాటు నేర్చుకున్నాను. మస్కట్‌లో ఫలానా స్కూలుకి వెబ్‌సైట్ ఉందట, మన స్కూలుకి లేదట అని మాత్రం చైర్మన్ గారి చెవిన వేశాను. వారం తిరక్కుండా కనెక్షన్ వచ్చింది. ఒక షరతు మీద. వెబ్‌సైట్ వల్ల స్కూలుకి ఏదో ఒక ఉపయోగం కళ్లకు కనపడాలి, లేకపోతే రంజాన్ మొదలవగానే కనెక్షన్ పీకేస్తారు. ఆ ఏడు రంజాన్ డిసెంబరులో వచ్చింది. నా చేతిలో ఉన్నది రెండు నెలలు.

ప్రిన్సిపాల్ గారు మర్నాడే వెబ్‌సైట్‌లో ఏం ఉండాలో ఒక పథకం వేసుకొచ్చారు. మొదట చైర్మన్ గారి సందేశం, ఫోటో. తర్వాత వైస్ చైర్మన్ సందేశం, ఫోటో. కార్యదర్శి, కోశాధికారి, సభ్యులు, అందరివీ ఫోటోలు. ఆ తర్వాత తన సందేశం. చివర్న స్కూల్ బిల్డింగు, ముందు జెండా ఎగురుతూ. అది ఏటా వేసే స్కూల్ మ్యాగజైనే. అందులో పిల్లల కథలైనా ఉంటాయి, ఇందులో అవీ లేవు. సార్, ఇది ఎవరు చూస్తారు అని అడిగాను. ప్రపంచమంతా చూస్తుంది అన్నారాయన.

ప్రపంచం సంగతి తర్వాత, ముందు సలాలాలో వాళ్లకు ఏం కావాలో తెలుసుకుందామని నేను ఖాళీ పీరియడ్లలో వెళ్లి భాయ్ పక్కన కుర్చీ వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టాను. ఫోన్ మోగడం, ఆయన తీయడం, నేను వినడం. ఎవ్వరూ, ఒక్కరంటే ఒక్కరు కూడా, కమిటీ సభ్యుల సందేశం ఏమిటని అడగలేదు. యూనిఫాం గుడ్డ ఏ కొట్లో దొరుకుతుంది, మిర్బాత్ ఊరి నుంచి బస్సు వచ్చిందా, ఇండియా వెళ్లిపోతున్నాం టీసీ ఎన్నాళ్లకిస్తారు, వర్షాలప్పుడు సెలవులు ఎప్పటి నుంచి అని అడిగేవారు. అన్నిటికంటే ఎక్కువసార్లు అడిగేది, రేపు స్కూల్ ఉందా, ఉంటే ఎన్నింటికి అని.

ఇదంతా నవ్వులాట కాదు. రంజాన్ నెలలో స్కూలు టైము మారుతుంది. ఏడింటికి మొదలయ్యేది ఎనిమిదిన్నరకు మొదలవుతుంది. ఆ నెల రేపటి నుంచా, ఎల్లుండి నుంచా అన్నది చంద్రుడు కనపడ్డాక గానీ తెలియదు. చంద్రుడు ముందుగా సర్క్యులర్ పంపడు కదా. ఆ సాయంత్రం ఊళ్లో తల్లిదండ్రులందరూ ఒక్కసారిగా భాయ్ ఫోన్ మీద పడేవారు, ఎవరికీ కలిసేది కాదు. అంతకు ముందేడు మిర్బాత్ బస్సు పిల్లలు పాత టైముకే వచ్చి, తాళం వేసిన గేటు ముందు గంటకు పైగా నిలబడ్డారు. ఆ తిట్లన్నీ నిజామాబాద్ నుంచి వచ్చిన మా బస్సు డ్రైవరు తిన్నాడు.

కాబట్టి వెబ్‌సైట్‌లో మొట్టమొదట, పెద్ద అక్షరాలతో ఒకే వాక్యం ఉండాలి, రేపు స్కూలు ఎన్నింటికో చెప్పే వాక్యం అని కమిటీ ముందు చెప్పాను. దాని కింద బస్సులు, సెలవులు, యూనిఫాం, టీసీ. అందరూ మర్యాదగా తలలూపారు. చివరికి చైర్మన్ గారు గొంతు సవరించుకున్నారు. ఇంటికొచ్చినవాళ్లను ఇంటి పెద్ద పలకరించాలా వద్దా అని అడిగారు. పలకరించాలన్నాను. మరి నేను గుమ్మంలో లేకుండా వాళ్లెలా లోపలికొస్తారు అన్నారు. ప్రిన్సిపాల్ గారు బల్ల కింద నా కాలు తొక్కారు. నాకు భాయ్ చిన్న కూతురు గుర్తొచ్చింది. కనెక్షన్ ముఖ్యం, పంతం కాదు అని నాకు నేను చెప్పుకుని పళ్లు నూరుకుంటూ ఒప్పుకున్నాను.

ఒప్పందం ఇదీ. పైన చైర్మన్ గారి పేరు, హోదా, షాపు ఫోన్ నంబరు. దాని కింద ఫోటో. ఫోటో కింద సందేశం. సందేశం కింద రేపటి టైమింగు. బదులుగా, చంద్రుడు కనపడే సాయంత్రం భాయ్ ఫోన్ మోగడం తగ్గితే కనెక్షన్ ఉంటుంది, తగ్గకపోతే ఉండదు. దీనికి చైర్మన్ గారు అందరి ముందూ మాటిచ్చారు.

ఫోటో తీయించుకోవడానికి ఆయన కొత్త కోటు కుట్టించుకున్నారు. స్టూడియో వాళ్లు దాన్ని స్కాన్ చేసి ఇచ్చారు. చిన్నది చేసి పెడతానంటే ఒప్పుకోలేదు, పాస్‌పోర్టు ఫోటోలా ఉంటుందన్నారు. సరే, ఉన్నంత సైజులోనే పెట్టాను. ల్యాబ్‌లో తెరిచి చూశాను, చిటికెలో వచ్చింది. కోటు మీద గుండీలు కూడా లెక్కపెట్టొచ్చు. ప్రిన్సిపాల్ గారు మురిసిపోయారు, నేనూ కాస్త మురిసిపోయాను. ఆ ఫోటో నా కంప్యూటర్లోనే ఉంది కాబట్టి చిటికెలో వచ్చిందన్న సంగతి మా ఇద్దరికీ తట్టలేదు.

అసలు ఇంటర్నెట్ ఎవరికుంది అని మీరు అడగొచ్చు. ఇళ్లల్లో దాదాపు ఎవరికీ లేదు. పోర్టు ఆఫీసులో, ఆసుపత్రిలో, బ్యాంకులో పనిచేసే కొందరికి ఆఫీసుల్లో ఉండేది. అడ్రసు పిల్లల డైరీల్లో రాసి పంపాం కాబట్టి, వాళ్లలో ఒక్కరు చూస్తే చాలు, చుట్టుపక్కల పది ఇళ్లకు చేరిపోతుంది. సలాలాలో మనవాళ్ల పద్ధతి అదే. చేపలు చవగ్గా వచ్చాయన్నా, ఇండియా వెళ్లేవాళ్లెవరి పెట్టెలోనైనా చోటుందన్నా, ఒకరికి తెలిస్తే అందరికీ తెలిసినట్టే. కాబట్టి నాకు ధైర్యంగానే ఉంది.

ఆ సాయంత్రం రానే వచ్చింది. ప్రిన్సిపాల్ గారు తన రేడియో తెచ్చి ల్యాబ్‌లో పెట్టారు. భాయ్ ఆఫీసులో ఫోన్ ముందు కూర్చున్నాడు. చంద్రుడు కనపడ్డాడని రేడియోలో చెప్పగానే నేను కనెక్షన్ కలిపి, రేపటి నుంచి రంజాన్ టైమింగు, స్కూలు ఎనిమిదిన్నరకు, బస్సులు గంటన్నర ఆలస్యంగా బయల్దేరతాయి అని పెట్టేశాను. ప్రిన్సిపాల్ గారు నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చారు. ఇద్దరం వెళ్లి భాయ్ బల్ల దగ్గర నిలబడి, మోగని ఫోన్ వైపు సంతోషంగా చూశాం.

ఫోన్ మోగింది. భాయ్ తీసి, ఎనిమిదిన్నరకు అని చెప్పి పెట్టాడు. మళ్లీ మోగింది. మళ్లీ పెట్టాడు. మళ్లీ మోగింది. అంతకు ముందేటికీ దీనికీ ఏం తేడా లేదు. ఈసారి రిసీవరు నేను లాక్కున్నాను. అవతల ఆసుపత్రిలో పనిచేసే ఒక తండ్రి. మీ వెబ్‌సైట్ తెరిచానండీ, చైర్మన్ గారు కళ్లజోడు దాకా వచ్చి ఆగిపోయారు, ఎంతసేపు చూసినా ముక్కు రావడం లేదు, టైమేదో మీరే చెప్పండి అన్నాడు.

ఇప్పటి పిల్లలకు తెలియదు గానీ, ఆ రోజుల్లో ఇంటర్నెట్‌లో బొమ్మ ఒక్కసారిగా కనపడేది కాదు, పై నుంచి గీత గీతగా కిందికి వచ్చేది. అంత పెద్ద ఫోటో పూర్తిగా రావడానికి ఒక టీ తాగేయొచ్చు. అది పూర్తయితే గానీ కింద అక్షరాలు కనపడవు. ఆత్రంగా ఉన్నవాడికి వెంటనే కనపడేది పైన ఉన్న షాపు ఫోన్ నంబరు ఒక్కటే. పరుగెత్తుకెళ్లి ఫోటో తీసేద్దామని చూస్తే కనెక్షన్ తెగిపోయింది, ఎన్నిసార్లు ప్రయత్నించినా మళ్లీ కలవలేదు. ఈలోగా ఆఫీసులోంచి ప్రిన్సిపాల్ గారి కేక వినిపించింది. చైర్మన్ గారి షాపు నుంచి ఫోను, ఆయన చాలా గట్టిగా మాట్లాడుతున్నారు. మన స్కూలు తల్లిదండ్రులందరూ తన షాపుకి ఎందుకు ఫోన్ చేస్తున్నారని అడుగుతున్నారు.

ఇక చెప్పేదేముంది. అటు భాయ్ ఫోను ఆగలేదు, ఇటు చైర్మన్ గారి ఫోను కూడా మొదలైంది. తాళాలు వేస్తూ భాయ్ "ఏం పర్వాలేదు మేడమ్" అని మాత్రం రెండుసార్లు అన్నాడు. తిట్టినా బాగుండేది. ఆయన కూతురి చదువు నా చేతుల్లోంచి జారిపోయిందనిపించి, ఇంటికెళ్లి మా ఆయన మీద అకారణంగా విరుచుకుపడ్డాను. ఆయన అలవాటు ప్రకారం అన్నం వడ్డించుకుని తినేశారు.

పొద్దున్న ఏడింటికే గేటు దగ్గరికి వెళ్లాను. ఎందరు పిల్లలు పాత టైముకు వచ్చి నిలబడ్డారో చూద్దామని. ఒక్కరూ లేరు. తర్వాత బస్సులు ఒక్కొక్కటే వచ్చాయి, అన్నీ సరిగ్గా వచ్చాయి. మా నిజామాబాద్ డ్రైవరు దిగి నవ్వుతున్నాడు. "ఈసారి ఒక్క పోరడు గూడ జల్ది రాలే మేడం. అందరికీ సేటే చెప్పిండంట" అన్నాడు. ఏ సేటు అని అడిగేలోపు చైర్మన్ గారి కారు వచ్చి ఆగింది.

ప్రిన్సిపాల్ గదిలో ముగ్గురం, అంటే ప్రిన్సిపాల్ గారు, భాయ్, నేను, చేతులు కట్టుకుని నిలబడ్డాం. చైర్మన్ గారు కుర్చీలో కూర్చుని ముందు రోజు సాయంత్రం కథంతా చెప్పుకొచ్చారు. మొదటి ఫోను రాగానే స్కూలుకి చేసుకోమన్నారట. రెండోవాడు స్కూలు ఫోను కలవడం లేదన్నాడు. పదోవాడు ఫోన్ చేసేసరికి ఆయనకు సిగ్గేసింది. ఈ స్కూలుకి చైర్మన్నై ఉండి రేపు స్కూలు ఎన్నింటికో తనకే తెలియదు. ప్రిన్సిపాల్‌కి చేసి అరిచారు గానీ, ఆ కోపంలో టైము అడగడం మర్చిపోయారు. మళ్లీ చేస్తే కలవలేదు. అప్పుడు షాపులో కంప్యూటర్ చూసే కుర్రాణ్ణి వెబ్‌సైట్ తెరవమన్నారు. ఒక పక్క చీరలు విప్పించుకుని కూర్చున్న కస్టమర్లు, ఒక పక్క ఫోన్లో తల్లిదండ్రులు, మధ్యలో ఆయన. తెర మీద తన జుట్టు వచ్చింది, నుదురు వచ్చింది. ముక్కు దగ్గర ఆగింది. మీసం దగ్గర మళ్లీ ఆగింది. కోటు గుండీలు ఒక్కొక్కటీ వచ్చాయి. కోటు లేకుండా తీయించుకుని ఉంటే సగం సేపు కలిసొచ్చేది అనుకున్నారట. ఆ తర్వాత తన సందేశం. అదంతా కిందికి తోసుకుంటూ పోతే అడుగున దొరికింది, ఎనిమిదిన్నర అని. అక్కడి నుంచి షాపు మూసేదాకా ఆయన బేరాలు వదిలేసి, వచ్చిన ప్రతి ఫోనుకీ ఆ ఒక్క వాక్యం చదివి వినిపించారు.

మేం నవ్వాలో వద్దో తెలియక నేల చూస్తున్నాం. ఆయన నా వైపు తిరిగారు.

"నా ఫోటో తీసెయ్యండి మేడం. నిన్న అది నాకే అడ్డమొచ్చింది" అన్నారు.

ప్రిన్సిపాల్ గారికి షరతు గుర్తొచ్చింది, ఆయన నిజాయితీపరుడు కదా. భాయ్ ఫోన్ మోగడం తగ్గలేదు కాబట్టి కనెక్షన్ సంగతేమిటని నసిగారు. ఈసారి ఆయన కాలు నేను తొక్కాను. ఆ ఫోన్ మోగింది వెబ్‌సైట్ పనికిరాక కాదు, నేను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డందుకు అన్నారు చైర్మన్ గారు. కనెక్షన్ ఉంచండి, ఆ వాక్యం పైకి తీసుకురండి అన్నారు. ఆయన మీద నాకు అంతకు ముందెప్పుడూ లేని గౌరవం ఆ నిమిషంలో కలిగింది. ఆ హోదాలో ఉన్నవాళ్లు తమ ఫోటో తామే తీసేయించుకోవడం నేను మళ్లీ ఎక్కడా చూడలేదు. భాయ్ వెళ్లి తన బల్ల దగ్గర కూర్చున్నాడు, కళ్లు మాత్రం తుడుచుకున్నాడు.

వెళ్తూ వెళ్తూ చైర్మన్ గారు గుమ్మంలో ఆగి, ఎవరూ వినకుండా నన్ను ఒక మాట అడిగారు. ఎక్కడో చివరి పేజీలో, ఎవరికీ అడ్డం రాకుండా, ఆ ఫోటో ఉంచొచ్చా అని. ఎంత పెద్దదైనా పెట్టుకోండి సార్ అన్నాను. కొత్త కోటు కదా పాపం.

ఆ తర్వాత కొన్ని నెలలకు, వేసవి ఇంకా మొదలవకముందే, ఒకరోజు భాయ్ చిన్న కూతురూ నేనూ ల్యాబ్‌లో కూర్చుని మన యూనివర్సిటీ ఒకదాని వెబ్‌సైట్ తెరిచాం. ఎంట్రన్స్ ప్రకటన అందులో పెడతారని విన్నాం. తెర మీద ముందు ఒక గీత కనపడింది. దాని కింద మరో గీత. తెల్ల జుట్టు, నుదురు, దళసరి కళ్లజోడు. వైస్ చాన్సలర్ గారు మెల్లగా దిగుతున్నారు. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ముక్కు దాకా వచ్చి ఆగిపోయారు. ఆ పిల్ల గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, చాలాసేపు ఓపిగ్గా చూసింది.

"మన చైర్మన్ సారే నయం మేడమ్. అడ్డమని తెలియంగానే పక్కకు జరిగినాడు" అంది.

నవ్వుతుండగానే మీసం వచ్చింది, టై వచ్చింది, సందేశం వచ్చింది. అంతా దాటాక, అడుగున, ఎంట్రన్స్ దరఖాస్తుకి ఆఖరి తేదీ. ఇంకా మూడు వారాలుంది. ఆ పిల్ల కుర్చీ వెనక్కి తన్నేసి, అబ్బా అబ్బా అని పిలుస్తూ తండ్రి దగ్గరికి వరండాలో పరుగెత్తింది. నేను వెనకాలే వెళ్లేసరికి ఆఫీసులో ఫోన్ మోగుతోంది. భాయ్ కూతురి రెండు చేతులూ పట్టుకుని నిలబడి ఉన్నాడు. నాకు తెలిసి ఆ ఫోన్‌ని ఆయన తీయకుండా వదిలేయడం అదే మొదటిసారి.